ఇందులో ఒకటి మనది కాదు

ఓవెన్‌లోంచి రొట్టెలు తీసిన ప్రతిసారీ ఒడీల్‌కి అదే సందేహం. ఇందులో ఒకటి ఎవరిది?

నిజానికి ఈ సందేహం ఆమెకు అమ్మమ్మ నుంచి వచ్చింది. అమ్మమ్మ ఫిలొమెన్ ప్రతి శనివారం రొట్టెలు కాల్చేది. డబ్బాలు బోర్లించి, ఒక్కో రొట్టె అడుగున వేలి కణుపుతో తట్టి చూసేది. బోలుగా మోగితే కాలినట్టు. అన్నిటినీ గుడ్డ మీద వరసగా పెట్టి, చేతులు దులుపుకుని, "ఇందులో ఒకటి మనది కాదు" అనేది. మరెవరిదని అడిగితే, "నేను పుట్టినప్పుడు నన్ను బతికించిన ఆవిడది. మా అమ్మ ఇవ్వలేకపోయింది" అనేది. అంతకు మించి ఆమెకీ తెలియదు.

ఆ రోజుల్లో నది వెంబడి ఊళ్ళలో మంత్రసానికి డబ్బిచ్చే అలవాటు లేదు. బాలింత లేచి మళ్ళీ పిండి కలిపిన రోజున, మొదటి రొట్టె తనే పట్టుకెళ్ళి మంత్రసాని చేతిలో పెట్టాలి. అప్పటికి పురుడు పూర్తయినట్టు. అమ్మమ్మ తల్లి అదెల్ ఆ రొట్టె పట్టుకెళ్ళలేదు. ఎందుకో చెప్పేలోపే తర్వాతి కాన్పులో పోయింది. అప్పటికి అమ్మమ్మకు నాలుగేళ్ళు. తల్లి మాటల్లో ఆమెకు మిగిలినవి రెండే: 'అవతలివైపు ఆవిడ', 'రొట్టె బాకీ'. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఇంట్లో మొదటి భార్య పేరెత్తేవాళ్ళు లేరు.

ఎవరికివ్వాలో తెలియక, అమ్మమ్మ ఆ రొట్టెను తలుపు తట్టినవాళ్ళకు ఇచ్చేసేది. జ్వరంతో పడుకున్న పక్కింటావిడకి, దారినపోయే బిచ్చగాడికి, పిల్లలెక్కువున్న ఇంటికి. ఇస్తూ కూడా ఆమెకు తృప్తి ఉండేది కాదు. "ఇది వడ్డీయే. అసలు అలాగే ఉంది" అనేది.

ఒడీల్ పెళ్ళి చేసుకుని సాంత్-క్లోదీన్‌కి వచ్చాక ఆ మాటను కూడా వెంట తెచ్చుకుంది. కొత్తలో ఓ శనివారం రొట్టెలు తీసి, అలవాటు కొద్దీ ఒకటి పక్కన పెట్టి గుడ్డ కప్పుతుంటే, అత్తగారు జిల్బెర్త్ ఊగుడు కుర్చీలోంచి చూసి, "అదెవరికి?" అంది. ఒడీల్ చెప్పింది. జిల్బెర్త్ చేతిలో అల్లిక ఆగలేదు. "బాగుందమ్మా. మీ పుట్టింటి అప్పు మా పిండితో తీరుస్తున్నావన్నమాట" అంది.

ఒడీల్ రొట్టె మీద గుడ్డ పూర్తిగా కప్పింది. కానీ పిండి పిసికిన ప్రతిసారీ ఆ మాట చేతులకు తగిలేది. పిండి వాళ్ళదే. తెల్లారకముందే లేచి పులియబెట్టిన చెయ్యి ఎవరిది? చర్చి బలిపీఠం గుడ్డలు ఉతికి, గంజి పెట్టి, మడతలో గీత పడకుండా ఇస్త్రీ చేసే చెయ్యి ఎవరిది? ఉత్తరాలు వస్తే కవరు మీద 'మదాం క్లెమాన్ బుఫార్' అని మొగుడి పేరూ, మొగుడి ఇంటిపేరూ ఉంటాయి. ఒడీల్ అన్న పేరు ప్రార్థన పుస్తకం మొదటి పేజీలో తప్ప ఎక్కడా లేదు. దేవుడి ముందు తనకు పేరుందిలే అని సర్దుకునేది. మనుషుల ముందు ఎందుకు లేదో అని మాత్రం, జపమాల తిప్పుతూ తిప్పుతూ ఒక్కోసారి ఆగిపోయేది.

వంటింటి కిటికీలోంచి నది కనబడుతుంది. నది మధ్యలో సార్సెల్ దీవి. శీతాకాలంలో తెల్లగా, వేసవిలో ఆకుపచ్చగా. పిండి పిసికేటప్పుడు చూపు ఆనుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

భర్త క్లెమాన్ పోస్టాఫీసులో పని మాని ఇంటిపట్టున ఉండడం మొదలుపెట్టాక వంశవృక్షం పట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. తాగడు, అరవడు, చర్చిలో పూజకు వెళ్ళడం మానడు. బుఫార్ల మొదటి తాత ఫ్రాన్సు నుంచి ఏ పడవలో దిగాడో, ఏ పొలంలో తొలి బిడ్డ పుట్టాడో చర్చి పుస్తకాల్లో వెతికి తీశాడు. వచ్చే వేసవిలో అక్కడ ఒక రాయి పాతాలి, నాలుగు దిక్కుల నుంచీ బుఫార్లు రావాలి, వాళ్ళ చేతికి ఒక పుస్తకం ఇవ్వాలి. దానికో కమిటీ. నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం కమిటీ భోజనం ఒడీల్ వంటింట్లోనే.

అతని కంట్లో పొర కమ్మింది. పాత చేతిరాతలు ఆనవు. అందుకని మంగళవారాల్లో ఇద్దరూ చర్చి వెనక గదికి వెళ్ళేవాళ్ళు. ఇస్త్రీ గుడ్డలు తెచ్చే మనిషే కదా అని ఫాదర్ మెనార్ తాళం ఒడీల్ చేతికే ఇచ్చేవాడు. ఆమె పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాసిన పెద్ద పుస్తకాలు విప్పి చదివేది, క్లెమాన్ చెప్పినవి రాసుకునేది, ఇంటికొచ్చి టైపు కొట్టేది. చదువుతుంటే అతను, "బుఫార్లేనా? కాదా? అయితే దాటెయ్" అనేవాడు. అలా ఎన్ని వందల పుట్టుకలు దాటేసిందో ఆమెకే తెలియదు. ఒక్కోసారి పేజీ తిప్పేముందు ఆ పేరు మీద వేలుపెట్టి ఒక్క క్షణం ఆగేది, దాటేసినందుకు క్షమించమన్నట్టు.

టైపు కొడుతూ ఓ రోజు గమనించింది. మగవాళ్ళ పేరు పక్కన పుట్టిన ఊరు, తేదీ ఉన్నాయి. వాళ్ళ భార్యల పక్కన ఏమీ లేదు. అడిగితే క్లెమాన్ కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆడవాళ్ళ పుట్టిన ఊళ్ళు కూడా రాస్తే పుస్తకం రెండింతలవుతుంది, ఒడీల్" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. ఆమె కూడా మామూలుగానే టైపు కొట్టుకుంటూ పోయింది. రాత్రి పడుకున్నాక అనిపించింది. నిజమే, సరిగ్గా రెండింతలవుతుంది.

"మా అమ్మమ్మ ఎక్కడ పుట్టిందో ఒక్కసారి చూడవూ?" అని ఆమె అడగ్గా అడగ్గా క్లెమాన్ చూశాడు కూడా. న్యాయంగానే చూశాడు. అమ్మమ్మ పెళ్ళి రాతలో 'సాం-తియోఫాన్ వాస్తవ్యుడు దమాజ్ లవ్వా కూతురు' అని ఉంది. సాం-తియోఫాన్ ఫాదర్‌కి ఉత్తరం రాశాడు. పద్దెనిమిది వందల డెబ్భై ఒకటి, ఫిబ్రవరి రెండు, కొవ్వొత్తుల పండుగ రోజు పుట్టిన పిల్ల. ఆ ఫిబ్రవరిలో అలాంటి పేరు లేదని జవాబొచ్చింది. 'అవతలివైపు' అంటే నదికి దక్షిణపు ఒడ్డయి ఉంటుందని అక్కడి చర్చిలకీ రాశాడు. ఫిబ్రవరిలోనూ లేదు, మార్చిలోనూ లేదు.

"చూడు ఒడీల్, రాతలో లేకపోతే మనిషి లేనట్టే లెక్క. పుస్తకం కాలిపోయుంటుంది. వదిలెయ్."

"మనిషి ఉంది, క్లెమాన్. నా జడలు వేసింది."

అత్తగారు కుర్చీ ఊగుతూనే, "పుట్టిన ఊరేమిటే, ఆడదానికి? మొగుడి ఊరే ఊరు" అంది. అక్కడితో ఆ మాట ముగిసింది.

అక్టోబరులో ఓ మంగళవారం, తెలెస్ఫోర్ బుఫార్ కోసం పద్దెనిమిది వందల అరవై ఎనిమిదో సంవత్సరపు పుస్తకం చదువుతోంది. మే నెల. తెలెస్ఫోర్‌కి ముందు ఒకే రోజున వరసగా ఐదుగురు పిల్లల జ్ఞానస్నానాలు. ఒకడికి మూడు నెలలు. ఒకతెకి నాలుగు. ఆమె వేలు ఆగిపోయింది. పుట్టిన మర్నాడే చర్చికి మోసుకొచ్చే రోజుల్లో ఇంత పెద్ద పిల్లలేమిటి?

"దీవి పిల్లలు" అన్నాడు క్లెమాన్, పెన్సిలు చెక్కుకుంటూ. "నదిలో మంచుగడ్డలు తిరుగుతుంటే పసిగుడ్డుని ఎవరు దాటిస్తారు? ఇంట్లోనే ఎవరో నీళ్ళు పోసేసేవాళ్ళు. నది తెరుచుకున్నాక అందరూ ఒకే పడవలో వచ్చి రాయించుకునేవాళ్ళు. బుఫార్లు కారు. దాటెయ్."

ఆమె దాటెయ్యలేదు. అమ్మమ్మను అందరూ ఆమె పుట్టిన నెలలో వెతికారు. తండ్రి ఊళ్ళో వెతికారు. తల్లి ఆ చలికాలం ఎక్కడుందో ఎవరూ అడగలేదు.

"డెబ్భై ఒకటి అందుకో" అంది.

"ఎందుకు? ఆ ఏడు మనవాళ్ళెవరూ పుట్టలేదు."

"మీవాళ్ళు పుట్టలేదు" అంది ఒడీల్. కోపంగా అనలేదు. లేచి వెళ్ళి తనే బీరువా తెరిచి, చిన్నపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఆ పుస్తకాన్ని తెచ్చుకుంది.

మే పద్నాలుగు. సిరా గోధుమరంగుకు తిరిగింది. మెల్లగా పైకి చదివింది. "గత ఫిబ్రవరి రెండున సార్సెల్ దీవిలో పుట్టి, ప్రాణాపాయం వలన ఇంటివద్దనే ఎఫ్రెజీ దెగాన్యే చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందిన మారీ ఫిలొమెన్‌కు, ఆ స్నానం చెల్లునని విచారించి తెలుసుకుని, మిగిలిన క్రతువులు మాత్రమే జరిపితిని. తండ్రి దమాజ్ లవ్వా, సాం-తియోఫాన్ కూలీ, అడవి పనిలో ఉన్నందున హాజరు కాలేదు. తల్లి అదెల్ ఊద్, దీవిలో ఇంటిపనిమనిషి. జ్ఞానతల్లి ఎఫ్రెజీ దెగాన్యే సంతకం చేయలేనని చెప్పినది."

చర్చిలో ఎవరో కుర్చీలు సర్దుతున్నారు. గదిలో మైనం వాసన, గంజి వాసన. ఆమె మళ్ళీ చదివింది. తర్వాత పైకీ కిందకీ చదివింది, ఆ పేజీ అంతా, ఆ పక్క పేజీ కూడా. ఇన్ని మంగళవారాలు చదివినా ఆమె కంటికి ఆనని సంగతి ఒకటి ఇవాళ ఆనింది. ఏ తల్లి పేరూ మొగుడి పేరుతో లేదు. అదెల్ ఊద్. ప్రతి ఆడదీ పుట్టింటి పేరుతో, తన పేరుతో, పిల్లల్ని కన్న ప్రతిసారీ, చివరికి పాతిపెట్టిన రోజున కూడా. సంతకం చేయలేని ఆడవాళ్ళు, పురిటి మంచం మీంచి లేవలేక బిడ్డ జ్ఞానస్నానానికే రాలేకపోయిన ఆడవాళ్ళు. వందల మంది. వాళ్ళ పేర్లు ఇక్కడ చెక్కుచెదరకుండా కూర్చున్నాయి, పిలిస్తే పలికేలా.

ఇంకొకటి. ఎఫ్రెజీ పోసిన నీళ్ళు చెల్లాయి. ఫాదర్ మళ్ళీ పోయలేదు. కడిగిన బలిపీఠం గుడ్డను ఆడవాళ్ళు దాటకూడని గడప దగ్గర ఇచ్చి వెనక్కి తిరిగే ఒడీల్ ఆ మాట మీద వేలు పెట్టి ఆగింది. ఏ చెయ్యి? బొడ్డు కోసిన చెయ్యి, పేడ ఎత్తే చెయ్యి, కెటిల్‌లోంచి గోరువెచ్చని నీళ్ళు తీసి, నీలంగా తిరిగిన పసికందు నెత్తిన పోసి, తండ్రి పేర, కుమారుని పేర, పవిత్రాత్మ పేర అని పలికిన చెయ్యి. బయట మంచుగడ్డలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మూలుగుతున్నాయి. మొగుడు అడవిలో ఉన్నాడు. యజమానుల వంటింట్లో పనిమనిషి పడుకుని ఉంది. ఆ గదిలోకి దేవుడు ఆవిడ చెయ్యి పట్టుకునే వచ్చాడు. ఆ చేతిని ఆయన తప్పుపట్టలేదు. మరి మిగతా రోజుల్లో ఎందుకు గడప దగ్గర ఆపారో, అది దేవుడి మాటో మనుషుల మాటో. ఒడీల్ సిలువ గుర్తు వేసుకుంది, ఆ ప్రశ్నతో సహా.

క్లెమాన్ వంగి, పేజీకి ముక్కు ఆనించి, మెల్లగా కూడబలుక్కున్నాడు. "ఈ పుస్తకం నేను రెండుసార్లు చూశానే" అన్నాడు.

"బుఫార్ల కోసం చూశావు."

అతను పేజీ మీంచి తలెత్తి, "దీవి" అన్నాడు. "మన కిటికీలోంచి కనబడే దీవి."

శనివారం ఒడీల్ పిండి కలిపింది. రొట్టెలు తీసి, అడుగున తట్టి, అన్నిటికంటే చక్కగా పొంగినదాన్ని పక్కన పెట్టి ఉతికిన గుడ్డలో చుట్టింది. దీవి మీద ఎఫ్రెజీ కొడుకు కూతురు రొలాండ్ ఇంకా పాత పొలంలోనే ఉంటోందని ఫెర్రీలో పనిచేసేవాళ్ళు చెప్పారు. ఫెర్రీ ఆదివారం పూజ అవగానే ఉంది.

"రేపు కమిటీ భోజనం" అన్నాడు క్లెమాన్.

"తెలుసు. చిక్కుడు గింజలు, పంది కొవ్వు కుండలో పెట్టి ఓవెన్‌లో ఉంచుతాను. పన్నెండింటికి తీసుకోవాలి."

"ఎవరు తీస్తారు?"

"గుడ్డ పట్టుకుని తియ్యి. కుండ కాలుతుంది."

"వచ్చే ఆదివారం వెళ్ళచ్చు కదా? ఇన్నేళ్ళు ఆగిన రొట్టె ఇంకో వారం ఆగదా?"

"ఆగుతుంది" అంది ఒడీల్. "నేనే ఆగలేను."

ఆదివారం పూజ నుంచి వచ్చి ఆమె కోటు విప్పలేదు. రొట్టె చంకన పెట్టుకుని తలుపు తీస్తుంటే ఊగుడు కుర్చీ చప్పుడు ఆగింది. ఆ చప్పుడు ఆగడం ఈ ఇంట్లో అరుదు. ఒడీల్ నిలబడిపోయింది, ఏదో మాట పడుతుందని తెలిసి.

"మా పిండేనా అది?" అంది జిల్బెర్త్.

"మీ పిండే, అత్తయ్యా. నా చెయ్యి."

ముసలామె అల్లిక సూదులు ఒళ్ళో పెట్టుకుంది. కిటికీ వైపు చూస్తూ, "ఆ పుస్తకాలన్నీ నీకు చదవడం వచ్చు కదా. వచ్చాక నాది కూడా చూడు. నేను పుట్టింది ఈ ఊళ్ళో కాదు. మా ఆయన చచ్చేదాకా కూడా ఎక్కడని అడగలేదు" అంది. వెంటనే, "తలుపు వెయ్యి, చలి" అని కసిరింది.

ఫెర్రీ మీద గాలి చెంపలు కోస్తోంది. నది నడిమధ్యకు వచ్చాక ఒడీల్ వెనక్కి తిరిగి చూసింది. చర్చి శిఖరం, రోడ్డు, వరస ఇళ్ళు. అందులో ఒక చిన్న కిటికీ. ముప్ఫై ఏళ్ళకు పైగా తను నిలబడిన చోటు ఇటునుంచి చూస్తే వేలి గోరంత ఉంది. 'అవతలివైపు' అంటే ఇదన్నమాట. ఎటు నుంచి చూసేవాళ్ళకు అటు. తాను పిండి పిసుకుతూ ఇంతకాలం చూసింది అమ్మమ్మ పుట్టిన చోటునే. వచ్చిన సంబంధాల్లో ఈ ఊరిదే కుదరడం ఎవరి పనో ఆమెకు తెలుసు. దేవుడు ఇంత నిదానంగా ఎందుకు చెబుతాడో మాత్రం ఎప్పటికీ అర్థం కాదు.

రొలాండ్ పెరట్లో క్యాబేజీలు కోస్తోంది. డెబ్భై దాటిన మనిషి, మగవాళ్ళ బూట్లు వేసుకుంది. కత్తి చేతిలోనే పట్టుకుని వచ్చినావిడను పైకీ కిందకీ చూసింది.

"ఎవరింటి కోడలివి?"

ఎప్పుడూ వచ్చే జవాబు ఒడీల్ నాలుక మీదకు వచ్చింది. దాన్ని మింగేసి, పుట్టింటి పేరు చెప్పింది.

"నా పేరు ఒడీల్ మార్తెల్. మా అమ్మ వాళ్ళమ్మ ఫిలొమెన్ లవ్వా. ఆమె తల్లి అదెల్ ఊద్, ఈ దీవిలో పనిమనిషిగా ఉండేది. మీ నాన్నమ్మ ఎఫ్రెజీ ఆమెకు పురుడు పోసింది. పిల్లను బతికించింది. రొట్టె బాకీ ఉండిపోయాం."

రొలాండ్ కనుబొమలు పైకి లేచాయి. "నాన్నమ్మా? నాన్నమ్మ ఎంతమందికి పోసిందో! దీవి సగం ఆవిడ చేతుల్లోంచే జారింది. ఏ సంవత్సరం?"

చెప్పింది.

"నూటేడేళ్ళా!" రొలాండ్ పగలబడి నవ్వింది. "రొట్టె గట్టిపడిపోలేదూ?"

"నిన్న కాల్చాను."

నవ్వుతూనే లోపలికి రమ్మంది. వంటిల్లు వెచ్చగా, ఇరుకుగా ఉంది. ఒడీల్ గుమ్మంలో ఆగి చూసింది. ఈ గదేనా అని అడగబోతుంటే రొలాండ్ కిటికీలోంచి చెయ్యి చూపించింది. "పనిమనిషంటే ఆ పెద్దింట్లో ఉండుంటుంది. కాలిపోయిందిలే, పునాది రాళ్ళున్నాయంతే. ఆ మట్టి పొయ్యి చూశావా, గడ్డి మొలిచింది? ఊరందరి రొట్టెలూ అందులోనే. పనిమనిషికి పిండెక్కడిది, పొయ్యెక్కడిది? కాల్చేదంతా వాళ్ళ రొట్టె. మంచు కరగ్గానే మొగుడొచ్చి పడవెక్కించుకుపోయుంటాడు."

ఒడీల్ ఆ గడ్డి మొలిచిన పొయ్యి వైపు చూస్తూ ఉండిపోయింది. చలికాలమంతా రొట్టెలు కాల్చి, అందులో ఒక్కటీ తనది కాక వెళ్ళిపోయిన అదెల్. ఆ బాకీ మాటే కూతురికి మిగిల్చి పోయింది.

"మీ ఇంట్లో ఎవరైనా అనుకునేవాళ్ళా, ఒక రొట్టె రావాలని?" అంది ఒడీల్.

"ఏం లేదమ్మా. నాన్నమ్మ అవన్నీ గుర్తుపెట్టుకునే మనిషి కాదు. పురుడు పోసి వచ్చి పాలు పితుక్కునేది." రొలాండ్ మెల్లగా, "ఆవిడ పేరు ఉందా ఆ పుస్తకంలో? ఎఫ్రెజీ అని?" అంది.

"ఎఫ్రెజీ దెగాన్యే అని ఉంది. ఆమె పోసిన నీళ్ళు చెల్లాయని రాశాడు ఫాదర్."

"సమాధి మీద 'జోసెఫ్ భార్య' అని మాత్రమే ఉంది" అంది రొలాండ్. ముక్కు చీది, రొట్టె విప్పింది.

బల్ల మీద బోర్లించి, వేలి కణుపుతో అడుగున తట్టింది. బోలుగా మోగింది. కత్తి మొనతో అడుగున చిన్న సిలువ గీసి, కొస కోసింది. వెన్న లేకుండానే నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. ఒడీల్ చేతులు కట్టుకుని, స్కూల్లో పాఠం అప్పజెప్పిన పిల్లలా నిలబడింది.

"ఉప్పు కాస్త తక్కువైంది" అంది రొలాండ్.

తన రొట్టెకు వంక పెడితే సంతోషం కలగడం ఒడీల్‌కి జీవితంలో అదే మొదలు. రొలాండ్ మిగిలిన రొట్టెను ఎత్తి, కిటికీ పక్కనున్న తన రొట్టెల పెట్టెలో, తన రొట్టెల పక్కన పెట్టి, చెక్క మూత వేసేసింది.